అంగిలి ఆసరా

జూన్ నెల మూడో మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ఆ తల్లీకూతుళ్ళు మా దవాఖాన మెట్లెక్కారు. గడియారం చూసి చెబుతున్న మాట ఇది. పదకొండింటికి రావలసిన మనిషి రాలేదని డాక్టరమ్మ అప్పుడే విసుక్కుంది. ఆ ఖాళీలోనే వీళ్ళను లోపలికి పంపాను. ఆ మనిషి వేళకు వచ్చి ఉంటే వీళ్ళను ఇంకో రోజు రమ్మనేదాన్ని. ఇంకో రోజు వచ్చేవాళ్ళో లేదో.

మరమగ్గాల ఊరు భివండీలో, టెంఘర్ రోడ్డు మీద ఉన్న పళ్ళ దవాఖానలో ఇరవై ఆరేళ్ళు సహాయకురాలిగా పనిచేశాను. ఇప్పుడు అదే పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నేనుండే ఒంటి గది ఖోలీకి వచ్చి, "పెద్దమ్మా, నీ సర్వీసుల అన్నిటికంటే కష్టమైన కేసు ఏది?" అని అడుగుతుంటారు. రక్తం ఆగని కేసో, కుర్చీలోనే కళ్ళు తిరిగి పడిపోయిన కేసో చెబుతాననుకుంటారు. నేను ఈ కేసు చెబుతాను. ఇందులో అంతా అనుకున్నట్టే జరిగింది. డాక్టరమ్మ చేతిలో తప్పు లేదు, పళ్ళు చెప్పిన మాట విన్నాయి.

ఆ రోజు తల్లి గుమ్మంలోనే ఆగి నా మొహం వైపు చూసింది. చూసి, గొంతు లేకుండా, పెదవులతోనే అడిగింది: "నువ్వు నాగావ్ కార్ఖానాల నూలు కండెలు చుట్టేటిదానివి గద?"

నేనూ గొంతు లేకుండానే జవాబిచ్చాను. "అవు. నువ్వు కిటికీ పక్క సాంచాల మీద ఉంటుండె."

"ముసలిదానివైనవ్ అక్కా."

"నువ్వు పడుచుదానివే ఉన్నవ్ మరి."

ఆమె పడీపడీ నవ్వింది. బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరూ మమ్మల్ని వింతగా చూశారు. చెంప వాచిన ఒకాయన తన నొప్పి మరిచిపోయి, ఆమె కూతురిని హిందీలో అడిగాడు, "ఏం చేస్తున్నారు వీళ్ళు?" అని. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మాట్లాడుకుంటున్నరు" అంది.

సాంచాల మధ్య బతికిన వాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. మరమగ్గాన్ని మా తెలంగాణ వాళ్ళం సాంచ అంటాం. ఒక కార్ఖానాలో ఇరవై, ముప్పై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని గొంతు మానేసి పెదవులతో మాట్లాడతాం. పోగు తెగిందని, సేఠ్ వస్తున్నాడని, చాయ్ వచ్చిందని, ఎవరి ఇంట్లో ఏం గొడవైందో అన్నీ. ఇటు గోడ నుంచి అటు గోడకు చాడీలు కూడా చెప్పుకునేవాళ్ళం, మధ్యలో ఉన్నవాడికి తెలియకుండా. దానికి పేరేమీ లేదు. మాట్లాడటం, అంతే. దవాఖానకు రాకముందు నేను తొమ్మిదేళ్ళు ఆ కార్ఖానాలో ఉన్నాను. అప్పుడు ఆమె కొత్త కోడలు. నేను వచ్చేశాను, ఆమె ఉండిపోయింది. ఉండిపోయినందుకు చెవులు పోయాయి.

పూర్తిగా పోయాయి. చెవి మిషన్ కొనిచ్చారట. పెట్టుకుంటే సాంచాల మోతే మళ్ళీ వినబడుతోందని తీసి చక్కెర డబ్బాలో పడేసింది. మనుషుల మాట ఆమెకు ఇప్పుడు కళ్ళతోనే. అందులోనూ ఊరి వాళ్ళవి సగం తెలుస్తాయి. కూతురుది మాత్రం మొత్తం తెలుస్తుంది. భర్త లేడు. ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే.

కూతురికి ఇరవై రెండేళ్ళు. కాల్హేర్‌లో ఒక గోదాంలో డబ్బాలకు చీటీలు అంటించే పని. పై పళ్ళు బాగా ముందుకు ఉండేవి, పెదవులు కలిసేవి కావు. బయట ఎవరు పలకరించినా చెయ్యి వెళ్ళి నోటికి అడ్డం పడేది. నవ్వినా చెయ్యే, మాట్లాడినా చెయ్యే.

ఈ వైద్యం కావాలన్నది కూతురు కాదు, తల్లి. ఎందుకని డాక్టరమ్మ అడిగితే నేను మధ్యలో ఉండి చెప్పాను. తల్లి చెప్పింది ఇది: "ఇంట్ల నా ముందు చెయ్యి పెట్టది. బయట నలుగురిల పెడతది. చెయ్యి పెడితే నాకు ఆమె మాట పోతది మేడం. బజార్ల, బస్సుల, సుట్టాల ఇంట్ల, పక్కనే ఉన్నా నాకు బిడ్డ లేనట్టే. ఆ చెయ్యి తీపియ్యున్రి."

డాక్టరమ్మ మరాఠీ మనిషి, వయసులో నా కూతురంత. నన్ను మావ్షీ, అంటే పిన్నీ, అనేది. కొద్దిగా దూకుడు, చాలా నిజాయితీ. ఆ మాట విని చేతి తొడుగులు వేసుకుంది.

కొలతలు, పళ్ళ నమూనా తీశాం. పై ముందు పళ్ళు కింది పళ్ళకంటే తొమ్మిది మిల్లీమీటర్లు ముందుకు ఉన్నాయి. పైన చెరో పక్క ఒక పన్ను తీసేసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను వెనక్కి జరపాలి. జరపడానికి వెనక దవడ పళ్ళను ఆసరా చేసుకోవాలి. చిక్కు అక్కడే. ముందువాటిని లాగుతుంటే వెనకవి ఊరుకోవు, అవీ ముందుకు జరిగి ఖాళీని తినేస్తాయి. అట్లా కాకుండా ఎముకలో చిన్న స్క్రూలు బిగించడం మాకు అలవాటు. అమ్మాయి స్క్రూ చూడగానే కుర్చీలోంచి లేచింది.

"మేకులు వద్దు మేడం. మీ కాళ్ళు మొక్కుత."

అప్పుడు డాక్టరమ్మ కొత్త పద్ధతి ఒకటి చెప్పింది. మామూలుగా అలైనర్ అంటే పళ్ళకు అతికినట్టు కూర్చునే పలచటి ప్లాస్టిక్ తొడుగు. మీకు తెలుసు. ఈ రకం తొడుగు చిగుళ్ళ దగ్గర ఆగదు. పైకి సాగి అంగిలి మొత్తాన్ని కప్పుతుంది. ముందు పళ్ళు వెనక్కి వస్తుంటే, దవడ పళ్ళు ముందుకు రాకుండా అంగిలి ఆపుతుంది. మా దవాఖానలో అదే మొదటిది.

తల్లికి ఇది చెప్పడం నా వంతు. "పడుగు చుట్టిన బీముకు వెనక బరువులు కడతం గద చెల్లె? అవి లేకపోతే బట్టను లాగుతుంటే బీమే గిరగిర తిరిగి పోగంత వదులైతది. గట్లనే. లాగేది ముందు పండ్లను. బరువు అంగిలి."

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "అంటే నా బిడ్డ నోట్ల సాంచ పెడుతున్నరా?"

"చప్పుడు లేనిది."

"గట్లయితే పెట్టుమను. ఒక్క సాంచన్న సప్పుడు లేకుంట నడిస్తే జూస్త."

మొదలుపెట్టే ముందు అమ్మాయికి అన్నీ చెప్పాం. రుచి కొన్నాళ్ళు తెలియదు, అంగిలి కప్పి ఉంటుంది కాబట్టి. తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తప్ప తీయకూడదు. పది రోజులకొక కొత్త తొడుగు. మాట కొంత మారుతుంది, సర్దుకుంటుంది. అన్నీ చెప్పాం. మాట మారుతుంది అన్నప్పుడు మాట అంటే చప్పుడని అనుకున్నాం. డాక్టరమ్మ చప్పుడని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. సాంచాల మధ్య తొమ్మిదేళ్ళు పెదవులు చదివిన నేను కూడా అట్లాగే అనుకున్నాను. అన్నేళ్ళు చప్పుడు లేని గదిలో పనిచేస్తే అంతే.

జులైలో రెండు పళ్ళు తీశాం. ఆగస్టులో మొదటి తొడుగు పెట్టాం. నాలుక పైకి తగిలే అక్షరాలన్నీ అమ్మాయికి జారిపోయాయి. గోదాంలో అందరూ, "ఏంది, నోట్ల పాన్ పెట్టుకొని వస్తున్నవా?" అని ఏడిపించారట. ఆమెకు పట్టలేదు, ఎందుకంటే ఇంట్లో ఇబ్బంది లేదు. తల్లికి చప్పుడుతో పని ఏముంది? "ఊరందరికి నా మాట అర్థమైతలేదు, మా అమ్మకు తప్ప" అని నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

నాలుగో తొడుగు పగిలి వచ్చింది. ముందు పళ్ళ అంచున సన్నటి గాట్లు పడి, అక్కడి నుంచి బీట అంగిలి దాకా పాకింది. డాక్టరమ్మ దీపం కింద తిప్పి తిప్పి చూసింది. ఎముక కొరికిందా? రాత్రి పళ్ళు నూరుతుందా? అమ్మాయి అన్నిటికీ కాదంది. నేను ఆ గాట్లు చూసి గుర్తుపట్టాను. ఇందులో గొప్పేం లేదు, నా ముందు పళ్ళకూ ఉన్నాయి అవి.

"పోగులు కొరుకుతున్నవా?"

"అమ్మకు సాయం చేస్తున్నప్పుడు. తెగిన పోగు ముడేసి కొసలు కొరకాలె గద పెద్దమ్మా."

"తొడుగు తీసి కొరకాలె."

"తినేటప్పుడే తియ్యాలన్నరు మీరు. నేను పోగు తింటలేను గద!"

డాక్టరమ్మ కోప్పడబోయి నవ్వేసింది. మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు అది. కత్తెర మెడలో వేలాడుతున్నా సాలోళ్ళ చెయ్యి కత్తెర దగ్గరికి పోదు, పోగే పంటి దగ్గరికి వస్తుంది. మరుసటి తొడుగు కొంచెం మందంగా చేశాం. అమ్మాయి కత్తెర అలవాటు చేసుకుంటానంది. తల్లి నా వైపు తిరిగి పెదవులతో అంది: "కత్తెరతోటి పోగు కోసుడు దాని తాత చూస్తే ఏడ్సేటోడు."

ఆ నెలల్లో మా ఇద్దరికీ మళ్ళీ పాత స్నేహం కుదిరింది. కూతురు కుర్చీలో ఉన్నంతసేపు ఆమె బెంచీ మీద, నేను పనిముట్లు కడిగే తొట్టి దగ్గర. మధ్యలో గాజు తలుపు. మాకు గాజు అడ్డం కాదు. కార్ఖానాలో ఎవరు పోయారు, ఎవరు సొంత ఊరికి మళ్ళారు, ఎవరి సాంచాలు పాత ఇనుముకు అమ్ముడయ్యాయి, అన్నీ చెప్పేది. నాతో ఆ భాషలో మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదని అప్పుడు తెలిసింది నాకు. దవాఖానకు వచ్చాక నేను ఎన్ని భాషలు మాట్లాడలేదు! మరాఠీ, హిందీ, తెలుగు. గాజు తలుపు అవతల నుంచి ఆమె "ఇయ్యాల ఏం కూర?" అని అడిగితే మాత్రం నాకు ఇరవై ఏళ్ళ వయసు వచ్చేది.

పళ్ళు బాగా జరిగాయి. ఫిబ్రవరికి నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చాయి, దవడ పళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. డాక్టరమ్మ ఫోటోలు తీసి మురిసిపోయింది. అంగిలి మాట నిలబెట్టుకుందని అంది.

మార్చిలో అమ్మాయి వచ్చినప్పుడు కొత్త తొడుగు కూర్చోలేదు. రెండు వైపులా లేచి నిలబడింది. అంటే పాతది పెట్టుకోవడం లేదన్నమాట. డాక్టరమ్మ గట్టిగానే అడిగింది. నేను మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చున్నాక అమ్మాయి చెప్పింది.

"అమ్మకు నేను తెలుస్తలేను పెద్దమ్మా."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చెప్పిందే చెప్తున్న. నా మొకం దిక్కే చూస్తది, చూసి 'ఆఁ' అంటది. ఇంకోటి చేస్తది. సంక్రాంతి కాడికెల్లి గట్లనే ఉంది. మొదలు అలసిపోయిందనుకున్న. నిన్న పక్కింటామె మాట సక్కగ పట్టుకుంది. నాదే పడతలేదు."

అద్దం ముందు నిలబెట్టి నెమ్మదిగా మాట్లాడించాం. అప్పుడు చూశాం మేం, చూడవలసినది. ఆమె పెదవులు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒకదానికొకటి తగల్లేదు. పెదవి పెదవి కలవాల్సిన చోటల్లా కింది పెదవి పైకి వెళ్ళి పంటికి ఆనేది. ఇరవై రెండేళ్ళు తల్లి చదివింది ఆ నోటిని. పళ్ళు వెనక్కి వచ్చాయి, పెదవులు కలుస్తున్నాయి. అందరి నోళ్ళలాగే అయింది. ఆ పైన అంగిలి మీద తొడుగు ఉండటంతో మాట తేటగా రావాలని నోరు పెద్దగా సాగదీస్తోంది. తల్లికి ఆ మొహం తెలుసు. ఆ నోరు తెలియదు.

"ఆపేస్తే?" అంది అమ్మాయి.

డాక్టరమ్మ దాచలేదు. ఆపేస్తే ముందు పళ్ళు కొంత ముందుకు పోతాయి, మొత్తం పోవు. పళ్ళు తీసిన ఖాళీలు అట్లాగే ఉండిపోతాయి. పాత నోరు రాదు, కొత్తది కుదరదు. "అమ్మను తీసుకురా. ఆమెతో మాట్లాడకుండా నేను ఇంకో తొడుగు పెట్టను" అంది.

శుక్రవారం రమ్మన్నాం. శుక్రవారం సాంచాలకు సెలవు. మా ఊళ్ళో నిశ్శబ్దం ఉండేది ఆ ఒక్క రోజే.

తల్లిని కూతురికి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాం. నేను పక్కన నిలబడ్డాను. కూతురు గొంతు లేకుండా చెప్పింది: "ఆపేద్దమా అమ్మా? నువ్వు ఎట్లంటే గట్ల." నాకు ప్రతి అక్షరం తెలిసింది. నాకు ఆమె పాత నోటితో పరిచయం లేదు కాబట్టి కొత్తది తేలిక. తల్లి కనుబొమలు ముడిచింది. కూతురు మళ్ళీ చెప్పింది. తల్లి నా వైపు తిరిగింది. కూతురు అన్న మాటను నా పెదవుల మీద పెట్టి చూపించాను. వెంటనే అర్థమైంది ఆమెకు. సాయం చేశాననుకున్నాను.

ఆమె నా పెదవుల మీంచి కళ్ళు తీసింది. ఈసారి గొంతుతో అంది, చెవుడు ఉన్నవాళ్ళ గొంతు ఎత్తు పల్లాలు లేకుండా ఉంటుంది కదా, అట్లా: "నా బిడ్డ మాట నీ నోట్ల చూడాల్నా అక్కా?"

"దాని మాట నీకెట్ల తెలుస్తుంది? నువ్వు కన్నవా?" అంది. అని, తనే తల అడ్డంగా ఊపింది. కోపం కాదు అది.

డాక్టరమ్మ ఆపేయవచ్చని, ఖాళీలు ఎట్లా ఉంటాయో చెప్పమని నాకు సైగ చేసింది. నేను చెప్పాను. తల్లి విని, కూతురి చెంప పట్టుకుని, దీపం వైపు తిప్పింది. పెదవులు కలిసేచోట వేలు పెట్టి చూసింది, బట్టలో నేత తప్పు వెతికినట్టు.

"ఆపొద్దు. నా కోసం ఆపితే ఇది జీవితమంత చెయ్యి పెట్టుకొనే తిరుగుతది. నేను ఎన్నేండ్లుంట? ఇంకోసారి నేర్చుకుంట. కొత్త సాంచ మీదికి మారలేదా? ఇదీ గంతే." అని నాకేసి చూసింది. "నువ్వు బయటికి పో అక్కా. నువ్వుంటే నా కన్ను నీ దిక్కే వస్తది."

డాక్టరమ్మా నేనూ బయటికి వచ్చాం. తలుపు మూశాం. నలభై నిమిషాలు. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు, ఉండదు కూడా. బయట ఊరు కూడా మూగగా ఉంది. నా బీరువాలో దూది సర్దాను, సర్దినదే మళ్ళీ సర్దాను. గాజు తలుపులోంచి చూస్తే నాకు అంతా తెలిసిపోతుంది. అందుకని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ నలభై నిమిషాలు వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు. నా సర్వీసులో నేను సరిగ్గా చేసిన పని ఏదైనా ఉంటే, ఆ గోడ వైపు తిరగడం.

తలుపు తీసి తల్లి ముందు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పది మాటలల్ల నాలుగు పట్టిన" అంది.

అప్పటి నుంచి ఆమె బెంచీ మీద కూర్చోవడం మానేసింది. ఎప్పుడూ కూతురి కుర్చీ ఎదురుగానే. నా వైపు చూసేది కాదు. ఒకసారి నేను తొట్టి దగ్గర నుంచి "ఇయ్యాల ఏం కూర?" అని పెదవులతో అడిగాను. చూసింది, చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. వెళ్ళేటప్పుడు గొంతుతో చెప్పింది, "ఏమనుకోకు అక్కా. నాకు ఒక్క నోరే పెట్టుకోవాలె ఇప్పుడు. రెండు పెట్టుకుంటే కలిసిపోతున్నయి." ఏమీ అనుకోలేదన్నాను. తలుపు దాకా నవ్వుతూ సాగనంపాను.

మరుసటి సెప్టెంబరులో పని పూర్తయింది. ముందు పళ్ళు ఆరు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చాయి. చివరి రోజు అమ్మాయి అద్దంలో చూసుకుని నవ్వింది. చెయ్యి ఒళ్ళోనే ఉంది. తల్లి పదిలో ఎనిమిది పట్టుకుంటానని చెప్పింది. మిగతా రెండు అడిగి తెలుసుకుంటుందట.

వెళ్ళే ముందు అమ్మాయికి ఒక చిలిపి ఆలోచన వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, కింది పెదవిని పైకి తోసి, పంటికి ఆనించి, వెనకటి లెక్కన తల్లిని పిలిచింది. అమ్మా అని. నేను చూశాను. తల్లి మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"గట్ల పిలువకు బిడ్డా. నకల్ చేసినట్టున్నది" అంది. "కొత్తగనే పిలువు."

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మొదటి రోజు తీసిన పళ్ళ నమూనా ఇమ్మని అడిగింది. మామూలుగా అవి ఎవరూ అడగరు, అందంగా ఉండవు. డాక్టరమ్మ బీరువా తీసి ఇచ్చింది. ఆమె ముందుకు పొడుచుకొచ్చిన ఆ పళ్ళ మీద బొటనవేలు ఒకసారి ఆనించి, కొంగులో చుట్టి, బొడ్లో దోపుకుంది.

ఆ డిసెంబరులో నేను పని మానేశాను. సంక్రాంతి దాటాక నాగావ్ కార్ఖానా సాంచాలు పాత ఇనుముకు పోయాయి. ఆ తల్లీకూతుళ్ళు ఖోలీ ఖాళీ చేశారు. సూరత్ అన్నారు కొందరు, సొంత ఊరికి అన్నారు కొందరు. నాకు చెప్పి వెళ్ళలేదు. చెప్పడానికి వచ్చారేమో, నేను ఆ వారం మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను.

ఇప్పటికీ శుక్రవారాలు కిటికీ దగ్గర కూర్చుంటాను. అవతలి వరస గదుల చాల్ కిటికీలో ఎవరైనా ఆడమనిషి కనబడితే, "ఇయ్యాల ఏం కూర?" అని పెదవులతో అడిగి చూస్తాను. ముసలిది నములుతోందనుకుని వాళ్ళు తల తిప్పుకుంటారు.

పిల్లలూ, మీరు కేసు ముగించినప్పుడు వచ్చినదే రాస్తారు. ఎంత జరిగింది, ఎంత కుదిరింది. పోయినది కూడా లెక్క చూడాలి. ఈ కేసులో పోయినవి ఇవి.

పై పళ్ళు, రెండు.

పగిలిన తొడుగు, ఒకటి.

పంటితో పోగు కొరికే అలవాటు, ఒకరిది.

కూతురు తల్లిని పిలిచే తీరు, ఒకటి.

నాగావ్‌లో కార్ఖానా, ఒకటి.

నాతో గొంతు లేకుండా మాట్లాడే మనిషి, ఒకతే.